మ్యాపులో మా గల్లీ

ఊళ్లో దొరలమైన మా గడి ద్వారం మీద తాతగారి పేరు చెక్కి ఉండేదని అడగకుండానే చెప్పేవాణ్ణి. సూరత్‌లో కూలీలుండే వడోద్ బస్తీలో ఉంటున్నానని మాత్రం ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు.

ఒకసారి సిటీ బస్సులో పక్కనున్న తెలుగు మరమగ్గాల కార్మికుడు ఫోన్‌లో, జనమే కలిసి తయారుచేసుకునే మ్యాపులో వడోద్ గల్లీలకు పేర్లు రాస్తున్నాడు.

“ఇది నీ పనా?” అన్నాను.

“పోగు తెగితే ఎవ్వలు జూస్తే వాళ్లే ముడేస్తరు గద సారూ! మొన్న అంబులెన్సు గల్లీ దొరకక వాపస్ పోయింది. గీ ఒక్కదాని పేరే తెలుస్తలేదు,” అని ఫోన్‌లో ఒక గల్లీ చూపించాడు.

నిటారుగా కూర్చుని, “టాంకీవాలీ గల్లీ. నేనుండేది అక్కడే,” అన్నాను.

“శభాష్ సారూ!” అని రాసుకుని దిగిపోయాడు.

ఇప్పుడు మ్యాపులో మా గల్లీ ఉంది. ఎవరు చెప్పారో దానిమీద లేదు. చెప్పింది నేనే.