తొమె వీపుమీది ఆకు

ఉరగామి కిసాకు రోజూ తెల్లవారగానే ముఖం కడుక్కుని, ఇంటి పూజపెట్టెలో తండ్రి ఫోటో ముందు వేడి అన్నం, నీళ్ళు పెట్టి, చేతులు జోడించి, ముందురోజు తప్పులన్నీ అప్పజెప్పేవాడు. ఎదురింటాయన పేరు మరిచాను నాన్నా. నాలుగొందల ఏళ్ళదన్న కత్తి నాకంటే చిన్నదని తేలింది నాన్నా. జాబితా పొడుగయ్యేకొద్దీ అన్నం చల్లారేది. వంటింట్లోంచి భార్య తొమె కేకేసేది.

"మిగతావి రేపు చెప్పుకోండి. మామగార్ని తిననివ్వరా?"

తత్సునో ఊళ్ళో ముప్ఫై ఏళ్ళు ఉత్తరాలు పంచిన మనిషి. చిరునామా చదివే కళ్ళు కదా, పాత కత్తుల మీద కమ్మరులు చెక్కిన పేర్లూ, ఒరల మీది వంశాల గుర్తులూ చదవగలననుకున్నాడు. నెలకోసారి గుడి హాల్లో కత్తుల సభ. పిడి ఊడదీసి, కమ్మరి పేరున్న మొదలును గుడ్డతో కప్పేస్తారు. వచ్చినవాళ్ళు కత్తికి నమస్కరించి, ఊపిరి తేమ తగలకుండా పెదాల మధ్య కాగితం పట్టుకుని చూసి, ఫలానా వాడి పని అని చీటీ రాయాలి. పూజారి గుడ్డ తీసి, 'తగిలింది' అనో 'తప్పు' అనో తీర్పు చెబుతాడు.

"కత్తి చల్లగా ఉండాలి. దాని ముందే కదా ఈయన నోరు మూతపడేది" అనేది తొమె.

ఆ వేసవి సభకు పక్కవీధి మినె ఒక చిన్న బాకు తెచ్చింది. వచ్చే నెలలో మనవరాలు అయానో పెళ్ళి. పెళ్ళికూతురి నడికట్టులో దోపడానికి తన తల్లి బాకు ఇద్దామని ఆమె ఆశ. తల్లి మినెకు ఆరేళ్ళప్పుడే పోయింది. తల్లి వస్తువంటూ మిగిలింది అదొక్కటే.

కిసాకు చీటీ రాశాడు. పూజారి గుడ్డ తీశాడు. తుప్పు కింద అదే పేరు!

"తగిలింది!" అన్నాడు పూజారి. అందరూ చప్పట్లు కొట్టారు.

పెదాల మధ్య కాగితం ఇంకాసేపు ఉంచుకుంటే సరిపోయేది. ఉంచుకుంటే కిసాకు ఎందుకవుతాడు? ఎవరూ అడక్కుండానే ఒర చేతిలోకి తీసుకున్నాడు.

"అక్కయ్యా, మీ పుట్టింటి గుర్తు రెండు డేగ ఈకలు కదా?"

"అవును తమ్ముడూ."

"దీనిమీద ఐదు రేకుల పువ్వుంది. ఇది మీ ఇంటిది కాదు. మీ నాన్న ఎక్కడో కొని, ముచ్చటకి మీ అమ్మదని చెప్పుంటాడు."

మినె బాకును గుడ్డలో చుట్టుకుని, అందరికీ వంగి దండం పెట్టి వెళ్ళిపోయింది. బాకును ఇక పెళ్ళికి పెట్టనందని మర్నాడు తెలిసింది. "నిజం చెప్పాల్సిందే కదా" అనుకుని కిసాకు ఆ మాట తండ్రి ముందు తప్పుల్లో కలపలేదు.

వారం తరవాత తెల్లవారగానే ఎండ కాసింది. తొమె పెట్టెలోని బట్టలు వెదురు బొంగు మీద ఆరేసింది. కిసాకు ఇంకా పూజపెట్టె ముందు కూర్చోకముందే ఆమె నల్ల పట్టుబట్ట గాలికి తిరిగింది. వీపు మీద తెల్లగా ఒక తీగ ఆకు గుర్తు.

"ఇదెవరిది?"

"నాదే."

"మన ఇంటి గుర్తు కాదే!"

"మా అమ్మది. అంతకుముందు అమ్మమ్మది. ఇక్కడ ఆడవాళ్ళలో తల్లి గుర్తే కూతురికొస్తుంది, మొగుడిదీ కాదు, తండ్రిదీ కాదు. నలభై ఏళ్ళుగా పెళ్ళిళ్ళకీ చావులకీ ఇది వేసుకుని మీ ముందే నడిచాను. మీరు చూళ్ళేదా?"

"చూళ్ళేదు."

"ఎందుకు చూస్తారు? నాకేమన్నా మూడొందల ఏళ్ళా, తుప్పు పట్టానా?"

కిసాకు గడప మీద కూలబడ్డాడు. ఆయన పుస్తకాలన్నీ ప్రభువులవీ, మగవాళ్ళవీ. మినె బాకు మీద తండ్రి వంశపు డేగ ఈకలు కాక వేరే గుర్తుండడమే అది తల్లిదని చెబుతోంది!

"మరి మినె అక్కయ్యకి తెలీదా?"

"ఎవరు చెబుతారండీ? తల్లి లేని పిల్ల. యుద్ధం రోజుల్లో పెళ్ళి, పని బట్టలతోనే అత్తారింటికి వెళ్ళింది. గుర్తుల పట్టుబట్ట కట్టిందెప్పుడు?"

కిసాకు లేచి పూజపెట్టె దగ్గరికి వెళ్ళాడు. ఆ రోజు జాబితాలో ఒకటే ఉంది. అన్నం చల్లారలేదు.

తొమె అడక్కుండానే, మినెకు ఇమ్మని ఒక కట్ట సన్న సేమియా చేతిలో పెట్టింది. మినె వాకిట్లో చిక్కుళ్ళు ఒలుస్తోంది. కిసాకు నిలబడే అంతా చెప్పాడు, తొమె వీపుతో సహా.

మినె చేతిలోని కాయ ఒలవకుండా అలాగే పట్టుకుంది. "అయితే మా నాన్న అబద్ధం చెప్పలేదన్నమాట."

"ఆయన చెప్పలేదు. చెప్పింది నేను."

ఆమె నడుముకు కట్టుకున్న పనిగుడ్డతో కళ్ళు ఒత్తుకుంది. తరవాత చాప మీద చోటిచ్చి, చిక్కుళ్ళ బుట్ట ఆయన వైపు జరిపింది. కిసాకు కూర్చుని ఒలవడం మొదలెట్టాడు.

"అక్కయ్యా, ఒక సాయం చెయ్యి. పెళ్ళికి ముందు ఇంకో సభ ఉంది. ఆ బాకు మళ్ళీ తీసుకురా. నేను పోయినసారి అన్న మాటే, 'ఇది మీ అమ్మది కాదు' అని, చీటీ మీద రాస్తాను. తీర్పు పూజారి కాదు, నువ్వు చెప్పు. హాలు చివరి వాళ్ళకి కూడా వినపడేట్టు, 'తప్పు' అను."