నాయన చెవులతో చూసిన సినిమా

మా నాయన ఒక సినిమాను యాభై ఏండ్లు విన్నాడు. ఒక్కసారి గూడా చూడలేదు.

ఆయనది గొర్రెల వెంట నడిచిన బతుకు. మా ఊరు తర్లుపాడు దగ్గర. ఎండెక్కకముందే మందను తోలుకోని పోతే మళ్లీ దీపాలు పెట్టే వేళకు వచ్చేవాడు. వానల్లేని ఏడాది కొనకనమిట్ల దిక్కు పోయి నెలకు గానీ ఇల్లు చేరేవాడు కాదు. మార్కాపురంలో సినిమా హాళ్లు ఉండేవి గానీ, మందను ఎవరికి అప్పజెప్పి పోతాడు? ఆయనకున్నదల్లా మెడకు తగిలించుకునే రేడియో. ఆదివారం మధ్యాహ్నం అందులో ఒక సినిమాను గంటకు కుదించి మాటలూ పాటలూ వినిపించేవాళ్లు. గొర్రెలు నీడన పండుకోని నెమరేస్తుంటే నాయన ఆ గంటసేపు కదిలేవాడు కాదంట.

ఒక సినిమాను మాత్రం ఏడాదికి రెండు మూడుసార్లు వేసేవాళ్లు. నలుపు తెలుపు కాలం నాటి అన్నదమ్ముల కథ. చెప్పుడు మాటలు విని అన్న తమ్మున్ని ఇంట్లోంచి గెంటేస్తాడు. వదిన మాత్రం మొగునికి తెలియకుండా మరిదికి అన్నం పంపిస్తా ఉంటుంది. నాకూ తమ్మునికీ నాయన చెప్పిన కథ అదొక్కటే. రాజులూ రాక్షసులూ ఆయనకు రారు. తమ్మునికి జ్వరమొచ్చినా ఆ వదిన మాటలే, నేను బడికి పోనని మొండికేసినా ఆ అన్న మాటలే.

ఇంటికి టీవీ వచ్చినాక ఆ సినిమా చాలాసార్లు వచ్చింది. వచ్చిందల్లా మధ్యాహ్నాలే. అప్పుడు నాయన కొండ కింద ఉండేవాడు. తర్వాత్తర్వాత కండ్లకు పొర కమ్మింది, టీవీ అంటేనే వద్దనేవాడు.

పోయిన వేసవిలో కంటి ఆపరేషన్ చేయించినాము. మందను తమ్ముడు చూసుకుంటానన్నాడు. వానికి వండిపెట్టేదానికి అమ్మ ఊర్లోనే ఉండిపోయింది. నాయన మాత్రం నెల రోజులు మార్కాపురంలో మా ఇంట్లో ఉన్నాడు. నేను జాకెట్లు కుడతాను. ముందు గదిలోనే మిషన్, ముందు గదిలోనే టీవీ. పాత సినిమాలు నాకు పనిలో తోడు. కండ్లు కుట్టు మీద, చెవులు సినిమా మీద.

మా అమ్మాయి ఇంజనీరింగ్ చదువుతాంది, సెలవులకు వచ్చి ఉంది. దానికి ఆ సినిమాలంటే పడదు. ఒక్క మాట చెప్పేదానికి మూడుసార్లు మొహం తిప్పుతారని, వాన పడితే వాన గూడా అరువు తెచ్చుకున్నట్లు పడతాదని అనేది. అవి నేను నవ్వి వదిలేసేదాన్ని. కానీ ఒకరోజు మాత్రం అది తలెత్తకుండా ఒక మాట అనింది: "తప్పెవురిదైనా చివరికి కాళ్లు పట్టుకునేది ఆడమనిషేగదమా." నేను ఆ కాలమే అట్ల ఉండె అని చెప్పి మిషన్ తొక్కుకున్నా. ఆ జవాబు నాకే చాలలేదు.

ఆ వారంలోనే, నాయన సినిమా ఆదివారం మధ్యాహ్నం వేస్తామని టీవీలో చెప్పినారు. డాక్టరు అప్పటికి టీవీ చూడొచ్చన్నాడు. ఆదివారం నాయన గడ్డం గీయించుకున్నాడు. ఉతికిన పంచె కట్టుకోని, సినిమాకు గంట ముందే కుర్చీ టీవీకి ఎదురుగ్గా వేసుకున్నాడు. జాకెట్ల కోసం వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు, ఇంకా ఉక్సులు కుట్టాల అని నేను చెప్పినందుకు, గోడకు ఆనుకోని కూర్చున్నారు. వాళ్లిద్దరూ మా వీధి చివర, బడిపిల్లోల్ల రాతిపలకలు కోసే ఫ్యాక్టరీలో పనిచేస్తారు. ఆదివారమే వాళ్లకు తీరిక.

సినిమా మొదలైంది. నాయన మొహంలో సంతోషం కనపడలేదు. అన్న వేషగాన్ని చూసి ఏంది ఇంత బక్కగుండాడు అన్నాడు. ఆయన మనసులో అన్న అంటే మా ఊరి పెద్దకాపు మాదిరి భారీ మనిషి. వదినను ఆయన పొడుగ్గా, చామనచాయగా అనుకున్నాడంట. తెర మీద ఆమె చిన్న మనిషి, తెల్లగా ఉంది. నాయన కుర్చీలో వెనక్కి వాలినాడు. మా అమ్మాయి నా దిక్కు చూసి కనుబొమ్మలెగరేసింది. యాభై ఏండ్లు దాచుకున్నది చేతిలోనే రాలిపోతాందేమో అని నాకు భయమేసింది.

ఇరవై నిమిషాలు గడిచినాయో లేదో, టీవీ గరగరమని రెండుసార్లు దగ్గి మూగబోయింది. మా అమ్మాయి లేచి వైర్లు కదిపింది, చానళ్లు మార్చి చూసింది. బొమ్మ వస్తాంది, సౌండు లేదు. తర్వాత రిపేరు మనిషి విప్పి చూసి స్పీకరు నిండా పలకల దుమ్మే అన్నాడు. మా వీధిలో అన్నిటికీ అదే రోగం. అప్పటికైతే మాకేం తోచలేదు. ఫోన్లో వెతికి పెడతానని మా అమ్మాయి అంటే నాయన చెయ్యి అడ్డం పెట్టినాడు.

"ఉండు పాపా. బొమ్మ కనపడతాంది గదా. మాటలు నా దగ్గరుండాయి."

మొదట గొంతు సరిగా లేవలేదు. తెర మీద తమ్ముడు నోరు తెరిచినాడు, నాయన పలికినాడు. రెండు మాటలు ఆలస్యమైంది. మూడో మాటకు కలిసింది. తమ్మునికి పల్చటి గొంతు, అన్నకు బరువు గొంతు, వదినకు గొంతు మార్చలేదు గానీ నెమ్మది చేసినాడు. బండి వస్తే ఎద్దుల గంటలు గూడా నోటితోనే మోగించినాడు. మందను అదిలించే నోరది, ఏ చప్పుడైనా వస్తుంది. తగువులమారి మేనత్త వచ్చినప్పుడు ఆయన తీసిన ముక్కు గొంతుకు ఫ్యాక్టరీ ఆడవాళ్లు పడిపడి నవ్వినారు. మా అమ్మాయి ఫోను పక్కనపెట్టింది.

రేడియోలో వచ్చింది గంట సినిమానే గదా. తెలియని సీను వచ్చినప్పుడు నాయన దాచుకోలేదు. ఇది రేడియోలో రాలేదు అని చెప్పి, వాళ్ల మొహాలు చూసి మాట కల్పించినాడు. వానలో వదిన గిన్నె కొంగు కింద దాచుకోని పోయే సీను అట్లాంటిదే. ఆయన మాటలేం పెట్టలేదు. ఊరికే చూసి, "అబ్బ, ఎంత జాగ్రత్తగా పట్టుకున్నాదో" అన్నాడు. నేనూ మిషన్ ఆపి చూసినా. ఆ సీనును నేను ఎన్నిసార్లో విన్నాను. ఆమె వేళ్లను చూసింది అప్పుడే.

తర్వాత అన్నకు సంగతి తెలిసిపోయే ఘట్టం. నాయనకు కంఠతా వచ్చిన ఘట్టం అది. అన్న గొంతుతో గద్దించినాడు. తెర మీద ఆ మనిషి చెయ్యెత్తి పెండ్లాన్ని చెంపమీద కొట్టినాడు. ఆమె గోడకు తగిలి కిందపడింది, గాజులు పగిలినాయి.

నాయన నోరు ఆగిపోయింది.

"కొట్టినాడే," అన్నాడు తన గొంతుతో. "అది తలుపు చప్పుడు గదా."

నాకు అర్థమయ్యేదానికి కాసేపు పట్టింది. రేడియోలో ఆ చోట ఫట్‌మని ఒక చప్పుడు, తర్వాత వదిన ఏడుపు వినపడేవి. కోపమొచ్చిన అన్న గదిలోకి పోయి తలుపు ధడాల్న వేసుకున్నాడని, ఆమె బయట నిలబడి ఏడుస్తాందని నాయన అన్నేండ్లూ అనుకున్నాడు. మా ఇంట్లో గూడా జరిగిందదే. అమ్మతో తగువైతే నాయన తలుపు ధడాల్న వేసుకోని గొంగడి కప్పుకోని పండుకునేవాడు. తలుపు గొళ్లెం రెండుసార్లు ఊడిపోయింది. ఊర్లో మా వీధిలో కొట్టని మొగుడు లేడు. మా నాయన మాత్రం చెయ్యెత్తలేదు. మగవాడన్నాక కోపమొస్తే తలుపేసుకోవాల అని తమ్మునికి గూడా చెప్పేవాడు. అది ఎక్కడ నేర్చుకున్నాడో నాకు ఆ ఆదివారం తెలిసింది.

తెర మీద సినిమా ఆగదు గదా. ఆమె మొగుని కాళ్ల దగ్గర వంగింది, పెదాలు కదులుతా ఉన్నాయి. రేడియోలో ఆమె తప్పు నాదే అని వేడుకునే మాటలు నాయనకు బాగా తెలుసు. మాకు గూడా ఎన్నిసార్లో చెప్పినాడు. నాయన ముందుకు వంగి, ఆమె గొంతు అందుకున్నాడు.

"నీ తమ్మునికి అన్నం పెట్టినా. మీయమ్మ ఉంటే ఆమె పెట్టేది. కొట్టిన చేతికి నేను మొక్కను. కాళ్లు పట్టుకుంటాండాననుకుంటివేమో, గాజు ముక్కలు ఏరుతాండా. పిల్లోల్లు తొక్కుతారు."

తెర మీద ఆమె చేతులు నేలమీద కదులుతా ఉంటే, నిజంగానే గాజు ముక్కలు ఏరుతున్నట్లే ఉంది. మా అమ్మాయి లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆడవాళ్లిద్దరూ కొట్టినారు. ఒకామె కండ్లు తుడుచుకుంటా, ఉక్సులు రేపు కుట్టినా పర్లేదక్కా అనింది. నాయన ఎవరి దిక్కూ చూడలేదు, సినిమా ఇంకా ఉంది. చివరి దాకా చెప్పినాడు. అన్నదమ్ములు కలిసే చోట ఒక్క మాట మార్చలేదు. ఆ మాటలు ఆయనను మోసం చేయలేదు. అప్పుడు మా అమ్మాయి గూడా ఏడ్చింది. అడిగితే మాత్రం అది ఒప్పుకోదు.

సాయంత్రం అమ్మకు ఫోన్ చేసి సంగతంతా చెప్పినా. అమ్మ తొణకలేదు. టీవీ వచ్చిన కొత్తలోనే ఆ సినిమా చూసిందంట, దెబ్బ సంగతి అప్పుడే తెలుసంట. మరి నాయనకు ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదని అడిగినా.

"తలుపు మీద పోయే కోపం," అనింది అమ్మ. "దానికి నేనెందుకు దారి మార్చాల?"

ఆ మాట నాయనకు చెప్పినప్పుడు ఆయన చాలాసేపు నవ్వినాడు.

తర్వాత మా అమ్మాయి ఆ సినిమాను ఫోన్లో మాటలతో సహా మళ్లీ చూసింది. తనంతట తనే. ఆ దెబ్బ దగ్గర అసలు మాటలు విని ఫోను ఆపి, తాత మాటలే బాగుండాయమా అనింది. మిగతా సినిమాలో ఆ గిన్నె సీను, మేనత్త, చివరి కలయిక ఎప్పటికీ నిలబడతాయంట. దెబ్బ నిలబడదంట. నేను ఇన్నేండ్లు తేల్చుకోలేకపోయిన లెక్కను అది అట్ల తేల్చేసింది. నిలబడేది నిలబడతాది, నిలబడనిదాన్ని మనం మొయ్యాల్సిన పనిలేదు. నాకు ఇప్పుడు పాత సినిమాల తరఫున ఎవరితోనూ కొట్లాడాల్సిన అవసరం కనపడదు.

మళ్లీ ఆదివారానికి టీవీ బాగైపోయింది. అయినా ఆ ఇద్దరు ఆడవాళ్లు ఇంకో ఆరుగుర్ని వెంటబెట్టుకోని వచ్చినారు. కుట్టాల్సిన గుడ్డలేమీ తేలేదు. నేను గుడ్డలన్నీ పక్కగదిలో వేసి చాప పరిచినా. ఆరోజు వేసింది నాయన ఎప్పుడూ వినని సినిమా. సగమైనాక అందులో ఒక అత్త, కోడల్ని నడివీధిలో నిలబెట్టి తిట్టడం మొదలుపెట్టింది. కోడలు తలవంచుకోని నిలబడింది.

నాయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"సౌండు తీసెయ్ పాపా," అన్నాడు. "ఈ బిడ్డకు నేను చెప్తా."

మా అమ్మాయి అప్పటికే రిమోటు పట్టుకోని ఉంది.