పిడికెడు అడుగుమన్ను

పంక్చర్ అంగడి ముందు నిలబడితే చాలు, రబ్బరు వాసనకు నా నోరు దానంతటదే తెరుచుకుంటుంది. మొన్న గార్లదిన్నెలో అలాగే నిలబడితే అంగడాయన, "ఏం పెద్దాయనా, పన్ను నొస్తాందా?" అని అడిగాడు. పన్ను కాదు, నీళ్లు. ఆ వాసన తగిలితే నేను నీళ్లు నిండిన మా ఊరి పాత రాతి క్వారీలో నూరడుగుల లోతున ఉంటాను, నోట్లో రబ్బరు గొట్టంతో. ఊపిరాడక కొట్టుకుంటున్న సాలమన్ సారును నడుముకు హత్తుకుని అంత లోతునుంచి పైకి తెచ్చిన మనిషిని నేనే. ఈ మాట ఏళ్ల తరబడి టీ అంగళ్లలో, పెళ్లి పందిళ్లలో చెప్పాను. చాలామంది నమ్మారు.

సాలమన్ నాకంటే ఎనిమిదేళ్లు చిన్న. అయినా సార్ అనే పిలిచేవాణ్ణి. ఎక్కడో ఓడరేవులో నీళ్లకింద పనులు చేసి, తండ్రికి జబ్బు చేస్తే భార్యతో సొంతూరికి తిరిగొచ్చాడు. వాన పడని సీమలో మునిగేవాడికేం పని అని అందరం నవ్వాము. పని నేనే చూపించాను. మోటార్లు బాగుచేసే అంగడి నాది. తాడు తెగి బావిలో పడిన మోటారు పైకి రావాలంటే మనిషి దిగాలి. వీపున గాలి సిలిండరుతో ఆయన దిగేవాడు. గట్టు మీద తాడు పట్టుకుని నేను అరిచేవాణ్ణి. ఆయనకు తిండి పెట్టిందీ, ఆయన ప్రాణమూ నీళ్లే. పైకి వచ్చిన ప్రతిసారీ నిద్రలో నవ్విన బిడ్డలా ఉండేది ఆ ముఖం. అది చూసే నాకూ దిగాలనిపించింది.

"నేర్పు సార్" అన్నాను.

"ఈత వస్తాదా అన్నా?"

"ఏమప్పా అట్లంటావు? బావి గట్టు మీద నుంచి దూకి అడుగుమన్ను తెచ్చినోణ్ణి. రెండు నిమిషాలు ఊపిరి బిగబట్టేవాణ్ణి."

"అదే నీ రోగం. సిలిండరు గాలి పీల్చేటప్పుడు బిగబడితే చస్తావు. పైకొచ్చే కొద్దీ లోపల గాలి ఉబ్బి ఊపిరితిత్తులు పగుల్తాయి. పీలుస్తా, వదుల్తా ఉండల్ల. నీ బుడగల కన్నా ముందు నువ్వు పైకి పోవద్దు."

తల ఊపాను. కానీ మా బావుల్లో మగతనమంతా అడుగుమన్నులోనే ఉంది. దూకినవాడు పిడికెడు మన్ను తెచ్చి చూపించకపోతే, వాడు అడుగు ముట్టనట్టే లెక్క. యాభై ఆరేళ్లు వచ్చినా నాలో ఆ పిడికిలి విచ్చుకోలేదు.

ఆయన నా వీపునా సిలిండరు కట్టి క్వారీలో దింపిన రోజు, గట్టు మీద ఎండిన చెనక్కాయ చేల నుంచి దుమ్ము లేస్తోంది. ముఖానికి కట్టుకున్న అద్దం నీళ్లకిందికి పోగానే ఆ ఎండాకాలమంతా పచ్చగా మారిపోయింది. రాతిని మెట్లు మెట్లుగా కోసిన గోడలు, వాటి మీద ఉలి గాట్లు. ఒక మెట్టు మీద మునిగిన తుమ్మచెట్టు నిలబడే ఉంది. ఆకుల్లేని కొమ్మల మధ్య చిన్న చేపలు పిచ్చుకల్లా కదులుతున్నాయి. పైకి పోయే ప్రతి బుడగలోనూ ఒక సూర్యుడు. నా గుండె చప్పుడు ఎవరో పక్కింట్లో కొర్రలు దంచుతున్నట్టు వినిపించింది. జన్మంతా ఆకాశంలో వెతికిన నీళ్లు ఇక్కడ ఇంత నిశ్శబ్దంగా దాక్కున్నాయా అనుకున్నాను. సాలమన్ ఒక మెట్టు దగ్గర ఆగి, ఇంతవరకే అన్నట్టు చేయి అడ్డం పెట్టాడు.

ఇక ఒప్పుకోక తప్పదు. లోతు నూరడుగులు కాదు, నలభై ఉంటే ఎక్కువ. కొట్టుకున్నది ఆయనా కాదు. మెట్టుకు అవతల అడుగు కనిపించింది. తలకిందులుగా, బావిలో పోయినట్టే దూసుకుపోయాను. మన్ను చేతికందింది. మరుక్షణం అంతా ఎర్రటి మబ్బు. నా చేయి నాకే కనపడలేదు. భయం వేస్తే బావి ఈతగాడు చేసేది ఒకటే, ఊపిరి బిగబట్టి పైకి తన్నడం. తన్నాను. నా చీలమండను ఒక చేయి పట్టుకుంది. సాలమన్. కిందికి లాగి, అద్దానికి అద్దం ఆనించి, నా పొట్టలో గుద్దాడు. బుడగలు భళ్లుమన్నాయి. మళ్లీ గుద్దాడు. మూడోసారికి నేనే వదిలాను. ఆ తర్వాత బుడగల వెనకే, కలలో మెట్లెక్కినట్టు, నెమ్మదిగా పైకి వచ్చాము.

గట్టు మీద నా పిడికిలి ఆయనే విప్పాడు. మన్ను అలాగే ఉంది.

"దీనికోసమా? ఎండబెట్టి దాచుకోన్నా, నీ సమాధికి పనికొస్తాది" అన్నాడు. అంతకు మించి ఒక్క మాట తిట్టలేదు.

ఆ ఏడే ఆయన నీళ్లపని మానేసి విత్తనాల అంగడి పెట్టాడు. ఎందుకని అడిగితే "వయసైపోయిందన్నా" అనేవాడు. పోయిన ఏడు చనిపోయాడు. నాకు మాత్రం ఊపిరి వదలడం మిగిల్చాడు. మా ఆమె ఆపరేషను గదిలో ఉన్నప్పుడు, మబ్బు పట్టి మళ్లీ విరిగిపోయినప్పుడు, నా ఛాతీ బిగుసుకునే లోపే ఆ గుద్దు తగులుతుంది. వదిలేస్తాను.

ఇదంతా రాసి, ఆయన భార్య రూతమ్మకు చదివి వినిపించాను. చింతపండులో గింజలు తీస్తూ విన్నది.

"బాగుండాదన్నా. ఒకటి తప్పు."

"నూరడుగులు అబద్ధమని ఒప్పుకుంటి కదమ్మా."

"అది కాదు. వయసైపోయి మానుకోలేదు ఆయప్ప. లోతుకు దిగేటప్పుడు నీళ్ల బరువుకు చెవులు పగలకుండా ఆగి ఆగి సర్దుకోవల్లంట. నువ్వు తలకిందులుగా పోతే, యాడా ఆగకుండా నీ ఎనకాల దిగినాడు. కుడి చెవి ఆడనే పగిలిపోయింది. ఇంగ నీళ్లలో దిగొద్దని డాక్టరు చెప్పినాడు. నీకు తెలీకూడదని నాతో ఒట్టు పెట్టించుకున్నాడు. వయసంట, వయసు! అప్పటికి యాభై కూడా నిండలేదు. ఆ ముక్క కొట్టేసి సరిగ్గా రాయి."