ఒకే చుక్క కింద రెండు బోరింగులు

మ్యాపు మీద చుక్క పెట్టడం ఎవరికైనా వస్తుంది. ఆ చుక్క వెనుక ఉండే పట్టికను శుభ్రంగా ఉంచడమే అసలు పని. ఊరు, వాడ, బోరింగు నడుస్తోందా లేదా, అన్నీ అందులో ఒక్కో వరుసగా ఉంటాయి. మా ఆఫీసులో దాన్ని అట్రిబ్యూట్ టేబుల్ అంటాం. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల చేతిపంపుల టేబుల్ నా చేతిలో ఉండేది. అందులో ఒక వరుస రెండుసార్లు కనబడితే నాకు అన్నం సహించదు. వంటింట్లో చెంచాల విషయంలోనూ నా పద్ధతి ఇంతే, కావాలంటే మా ఆయన్ని అడగండి.

ఒకరోజు నర్సింహులపేట వైపు ఒక ఊళ్లో అలాంటి జంట దొరికింది. ఊరు అదే, వాడ అదే, అక్షాంశ రేఖాంశాలు అవే, చివరికి బోరింగు ఉన్న ఇంటివాళ్ల ఇంటిపేరూ అదే. సర్వేకు పోయినవాడు ఒకే బోరింగును రెండుసార్లు ఎక్కించాడని తిట్టుకుని, రెండో వరుస తీసిపారేశాను. టేబుల్ కళకళలాడింది. హాయిగా టీ తాగాను.

కొన్నాళ్లకు ఒక అవ్వ బస్సెక్కి మహబూబాబాద్‌లోని మా ఆఫీసుకు వచ్చింది.

"బిడ్డా, నా బోరింగు కరాబైంది. బాగుచేసేటాయన్ని అడిగితే నీ బోరింగు కంప్యూటర్లనే లేదంటుండు. మరి నా వాకిట్ల ఉన్నదేంది?"

నేను స్క్రీను తిప్పి చూపించాను. "ఇగో అవ్వా, ఉన్నది గదా. మంచిగ నడుస్తున్నదని గూడ రాసున్నది."

"గది నాది గాదు, మా యారాలుది!" అని అవ్వ లేచి నిలబడింది.

యారాలంటే తోడికోడలు. ఎప్పుడో బోరింగు దగ్గర బిందె ముందు ఎవరిదన్న గొడవలో ఇద్దరికీ మాటలు బందయ్యాయట. పంచాయితీ చేసి చేసి విసిగిన ఊరివాళ్లు గోడకు ఇవతల ఇంకో బోరింగు వేయించారట. పాపం సర్వే ఫోనుకు ఆ గోడ సంగతి ఏం తెలుసు, రెండింటికీ ఒకే చోటు చూపించింది.

"గామె కాడ నీళ్లు పట్టుడు కన్న ఎండల పక్కవాడకు పోవుడే నయం," అంటూ అవ్వ నడుము పట్టుకుని కూర్చుంది. అది చూశాక నా ముద్దుల టేబుల్ మీద నాకే ఒళ్లు మండింది.

సార్‌కు చెబితే నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. "పోయి చూసిరా. ఒక్క బోరింగు రెండిండ్లకు సరిపోతదని గా యారాలు చెప్తే, తీసేసిన వరుస తీసేసినట్టే. రిపేరు ఉండదు," అన్నాడు.

పోయాను. మధ్య దూరం కొలవాలి కదా, టేపు ఒక కొస పెద్దావిడకు, అంటే ఆఫీసుకు వచ్చిన అవ్వకు, ఇంకో కొస గోడ అవతలున్న ఆమె యారాలు చిన్నావిడకు ఇచ్చాను. ఇద్దరూ పట్టుకున్నారు, మొహాలు మాత్రం చెరో దిక్కు.

"జర సక్కగ పట్టుమని చెప్పు," అంది చిన్నావిడ నాతో.

"నేను సక్కగనే పట్టిన. గామెనే గుంజుతున్నదని చెప్పు," అంది పెద్దావిడ, అదీ నాతోనే.

ఇద్దరి మధ్య పదడుగులు లేవు. అంత దూరానికి నేను తపాలా మోశాను.

ఇక అడగక తప్పలేదు. చిన్నావిడ బోరింగు నాలుగుసార్లు కొట్టగానే నీళ్లు దుంకుతున్నాయి, సరిపోదని ఎవరంటారు? సరిపోతుందంటే పెద్దావిడ ఈ ఎండాకాలమంతా పక్కవాడకు బిందె మోయాల్సిందే.

"చిన్నవ్వా, నీ బోరింగు రెండిండ్లకు సరిపోతదా?"

పెద్దావిడ టేపు వదలకుండా నేల చూస్తోంది. చిన్నావిడ నిండిన తన బిందె వైపు చూసింది, గోడ వైపు చూసింది.

"సరిపోదు. రాసుకో," అంది. "గామె బోరింగు గామెకుండాలె. పొద్దుగాల్ల దాని కిర్రు కిర్రు చప్పుడు లేకపోతే నేను ఎవలి మీద ఒర్రాలె, ఎవల్ని తిట్టాలె? గది బందైన కాన్నుంచి నాకు తెల్లారినట్టే ఉంటలేదు."