బాబాయికి సినిమా చెప్పిన పిన్ని

పోయిన మంగళవారం నేను స్కూలుకి బయలుదేరుతుంటే అనకాపల్లి నుంచి అమ్మ ఫోన్ చేసింది. "పక్కింటి పిన్ని పోయిందే. పొద్దుట టీ పెట్టుకుంది, తాగనేదు. కుర్సీలోనే ఒరిగిపోయింది" అంది. డెబ్బై ఆరేళ్ళ మనిషి, ఎవరిచేతా ఒక్కపూట సేవ చేయించుకోకుండా వెళ్ళిపోయింది. సెలవు చెప్పి బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చున్నాక గాని నాకు ఏడుపు రాలేదు.

పాత సినిమాల గురించి ఈ శీర్షికలో నేను రాసేవి చదివి, సినిమా చూడడం ఎవరి దగ్గర నేర్చుకున్నారని మీలో కొందరు అడుగుతుంటారు. ఇన్నాళ్ళూ ఏదో ఒకటి చెప్పి దాటేశాను. నేర్పింది పిన్నే. అయితే నలభై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా ఆవిడ ఒక్క సినిమా కూడా చూడలేదు.

పిన్నిది రావికమతం దగ్గర పల్లె. వాళ్ళ నాన్న అక్కడి చర్చిలో బోధకుడు. "తెర మీద బొమ్మని సూసి ఏడిసినోళ్ళకి పక్కింటోళ్ళ ఏడుపు వినపడదు" అనేవాడట. ఆ మాట మీదే పెరిగింది. బాబాయి అలా కాదు. బెల్లం మార్కెట్లో కాటా దగ్గర పని. ఆదివారం చర్చికి వచ్చేవాడు, మిగతా రోజుల్లో వీలు దొరికితే మ్యాట్నీకి పోయేవాడు. పాత సినిమా ఏది అడిగినా ఏ సీను తర్వాత ఏ సీనో వరసగా చెప్పేవాడు. పిన్నికి తెలుసు, తెలియనట్టు ఉండేది.

తర్వాత ఆయన కళ్ళకి నీటికాసులు వచ్చాయి. విశాఖపట్నంలో చూపించే వేళకే ఆలస్యమైంది. ఏడాది తిరక్కుండా చూపు మొత్తం పోయింది. మార్కెట్ మానేసి, గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు. అన్నం తినమంటే తినేవాడు, అంతే. మాట్లాడేవాడు కాదు.

అప్పట్లో మా ఊరి హాల్లో ఆదివారం పొద్దున ఆటకి పాత సినిమాలు వేసేవారు. నేను కొత్తగా టీచరుగా చేరిన రోజులు. ఒక శనివారం పిన్ని మా గుమ్మంలోకి వచ్చి, "రేపు మీ బాబాయిని హాలుకి తీసుకెల్తాను. నాకు లోపల ఏటుంటాదో తెల్దు. నువ్వూ రా" అంది.

వెళ్ళాం. తెర నిండా మనిషి ముఖం రాగానే పిన్ని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తర్వాత సర్దుకుని బాబాయి చెవిలో చెప్పడం మొదలుపెట్టింది. గోడ రంగు, తలుపు గడియ, చీర అంచు, కనిపించినదల్లా చెప్పింది. నలుపు తెలుపు సినిమాలో గోడ రంగు ఏం చెప్పిందో నాకు ఇప్పటికీ తెలియదు. చాలాసేపు ఓర్చుకుని బాబాయి, "గోడలొద్దే. మడిసిని సెప్పు" అన్నాడు. నెలల తర్వాత ఆయన సొంతంగా అన్న మొదటి మాట అది.

మూడో వారానికి చర్చి సంఘపెద్ద వాళ్ళింటికి వచ్చాడు. ఆరాధన మాని సినిమాకి పోవడమేమిటమ్మా అని నెమ్మదిగానే అడిగాడు. పిన్ని ఆయనకి మంచినీళ్ళిచ్చి, "ప్రభువు గుడ్డోడికి కళ్ళిచ్చేడని మీరే సెప్తారు కదండీ. నాకంత శక్తి నేదు. నోరుంది. అదిత్తన్నాను" అంది. ఆయన నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, "అయితే సాయంత్రం ఆరాధనకి రండి" అని వెళ్ళిపోయాడు. వాళ్ళు తప్పకుండా వెళ్ళేవారు.

పిన్ని త్వరగానే నేర్చుకుంది. పాత్రలు మాట్లాడుతుంటే నోరు మెదిపేది కాదు. "మాటలు ఆయనకీ వినబడతన్నాయి. మాటలు ఆగిన సోటే నాకు పని" అనేది. దర్శకుల గురించి లావు పుస్తకాలు తెప్పించుకు చదివాను గాని, నాకు ఇంతకంటే పనికొచ్చిన మాట వాటిలో కనపడలేదు.

ఒకసారి నేను మాటల్లేని కాలం నాటి విదేశీ హాస్యచిత్రం సీడీ తెచ్చాను. మధ్యాహ్నం మా ముందుగదిలో పెట్టాం. ఇక సినిమా అంతా పిన్నిదే. "పడిపోనాడు... లెగిసేడు... టోపీ దులుపుకుంటన్నాడు, ఏటీ అవనట్టు" అంటుంటే బాబాయి కడుపు పట్టుకుని నవ్వాడు. ఆయన నవ్వు చూసి పిన్ని చెప్పడం మరిచిపోయింది. "ఆపీసేవేటి, సెప్పు" అని ఆయన కసిరాడు.

అన్నిటికంటే నాకు గుర్తున్నది మరో ఆదివారం. సినిమాలో, చాలా ఏళ్ళు జైల్లో ఉన్న భర్త తిరిగొచ్చి గుమ్మంలో నిలబడతాడు. బియ్యం చెరుగుతున్న భార్య తలెత్తి చూస్తుంది. మాట లేదు, సంగీతం లేదు. పిన్ని కూడా ఊరుకుంది.

"ఏటి సేత్తంది?" అన్నాడు బాబాయి.

"ఏటీ సెయ్యట్లేదు. సూత్తంది."

"ఏడుత్తందా?"

పిన్ని ఆయన చెయ్యి తీసుకుని తన చెంపకి ఆనించుకుంది. "ఆవిడ ఏడవట్లేదు. నేనే" అంది.

బాబాయి ఆ చెయ్యి తియ్యలేదు. బయటికొచ్చాక రిక్షా కోసం నిలబడ్డప్పుడు నాతో అన్నాడు. "ఈ సినిమా ఎన్నిసార్లు సూసేనో. అక్కడ ఆవిడ ఏడిసిందనే ఇన్నాళ్ళూ అనుకున్నాను."

పదేళ్ళ కిందట బాబాయి పోయాడు. ఆ హాలు కూడా పెళ్ళిళ్ళ మండపమైంది. పిన్ని ఇంట్లోనే టీవీలో పాతవి వస్తే పెట్టుకునేది. ఎలా ఉంది పిన్నీ అని అడిగితే, "సూత్తాను గానీ, సెప్పడానికి ఎవలూ నేకపోతే సగమే కనబడతాది" అంది ఒకసారి.

నిరుడు ఇక్కడ పది గొప్ప చిత్రాలు అని మొదలుపెట్టి మూడింటితో ఆపేసినందుకు మీలో చాలామంది కోప్పడ్డారు. ఆ తప్పు నాది, తీర్పు పిన్నిది. నా జాబితా తీసుకెళ్ళి చదివి వినిపిస్తే అన్నీ విని, "ఇందులో నేను మీ బాబాయికి సెప్పలేకపోయినవి మూడే ఉన్నాయి. అయ్యే ఉంచు" అంది. మిగతా ఏడూ చెప్పేయగలిగిందట. చెప్పేయగలిగినవి మంచి సినిమాలే, కాదనలేదు. నేను వాదించాను. ఇంటికొచ్చి ఆ ఏడింటి మీద రాయబోతే మాత్రం కలం సాగలేదు.

బుధవారం సమాధుల తోటలో బాబాయి పక్కనే పిన్నిని ఉంచారు. ప్రార్థన అయ్యాక అందరూ తలో గుప్పెడు మట్టి వేశాం. తిరిగొస్తుంటే నాకు పోయిన నెలలో ఒక మధ్యాహ్నం గుర్తొచ్చింది.

ఆవేళ నేను వెళ్ళేసరికి టీవీలో ఏదో పాత చిత్రం చివరికొచ్చింది. నేను అంతకుముందు చూడనిది, పిన్నికి తెలిసినదే. తల్లి కూతుర్ని అత్తారింటికి పంపి, ఖాళీ ఇంట్లోకి వచ్చి నిలబడింది. అంతలో కరెంటు పోయింది.

"తర్వాత ఏమవుతుంది పిన్నీ?" అన్నాను.

"ఏటీ అవదు. ఇలా సూత్తాది" అని పిన్ని వీధి గుమ్మం వైపు తిరిగింది. గడ్డం కొంచెం పైకెత్తింది. పెదవులు కలుపుకుంది. బయట ఎండ. చెరకు ట్రాక్టరొకటి సందులో ఇరుక్కుని, వెనక్కీ ముందుకీ ఆడి, ఎలాగో బయటపడి వెళ్ళింది. పిన్ని కళ్ళు దానివైపు పోలేదు. కాసేపటికి కరెంటొచ్చింది, సినిమా అయిపోయి సబ్బు ప్రకటన వస్తోంది. నేను లేచి చప్పుడు తగ్గించాను. పిన్ని ఇంకా అలాగే గుమ్మంలోకి చూస్తోంది.