జిప్పుల పిన్ని, అరచేతిలో మిక్సరు

ఆ వీధిలో ఎవరి జిప్పు మొరాయించినా, ఎవరి పిల్లాడి ప్యాంటు పొట్టయినా దారి ఒక్కటే. మెట్ల కింద చిన్న కొట్టు, అందులో జిప్పుల పిన్ని. పాడైన జిప్పును ఆవిడ కళ్లతో చూడదు. వచ్చినవాళ్ల ముఖం చూసి కబుర్లాడుతూనే వేళ్లతో పళ్లన్నీ తడిమి, "రన్నరు బాగానే ఉంది, మధ్యలో ఒక పన్ను వంగింది. రేపు రండి" అని తేల్చేస్తుంది. కుట్టుపనితో కాయలు కాసిన ఆ లావుపాటి వేళ్లకు అంత చూపు ఎక్కడిదా అని జనం ఆశ్చర్యపోతారు.

కొట్టు వెనక ఒక తెర. తెర వెనక ఒక గది. గదిలో ఒక మంచం, మంచం మీద పగలంతా ముసుగుతన్ని పడుకున్న బాబాయి. ఆయన బస్సు డిపోలో రాత్రి వాచ్‌మన్. ఊరంతా లేచే వేళకు ఇంటికొచ్చి పడుకుంటాడు, ఊరంతా ఇంటికి చేరే వేళకు టోపీ పెట్టుకుని బయల్దేరతాడు. కుట్టుమిషను టకటకలాడుతున్నా ఆయన నిద్రకు ఢోకా లేదు. ఇంకే చప్పుడైనా, ఆఖరికి గరిటె కింద పడ్డా, దిగ్గున లేచి కూర్చుంటాడు. అందుకని ఆ గదిలో పిన్ని పిల్లిలా నడుస్తుంది.

ఇలాంటి ఇంట్లో ఉండి ఆవిడ తలకెత్తుకున్న సరదా మాత్రం సంగీతం. అదీ నోటితో పాడేది కాదు, పెట్టెలతో చేసేది. ఆవిడ తమ్ముడు సభలకూ పెళ్లిళ్లకూ మైకులు అద్దెకిస్తాడు. అతని దుకాణంలో మూల పడి ఉన్న డ్రమ్ము పెట్టె, కీబోర్డు పెట్టె, రెండు చిన్న రికార్డర్లు ఒక్కొక్కటిగా పిన్ని దగ్గరికి చేరాయి. ఒక రికార్డరులో ఆవిడ తన కుట్టుమిషను చప్పుడు పట్టింది. రెండోదాంట్లో జిప్పు లాగిన చప్పుడు, కత్తెర మూసిన చప్పుడు. వీటన్నిటినీ తలా ఒక వైరుతో మిక్సరులోకి పంపిస్తుంది. ఏ చప్పుడు ముందుకు రావాలో, ఏది వెనక్కి తగ్గాలో మిక్సరు మీది మీటలతో తేలుస్తుంది.

"ఇందులో ఏం రుబ్బుతావే?" అని ఎదురింటి వదిన మొదటిసారి చూసినప్పుడు అడిగింది.

"నీ నోరు తప్ప అన్నీ రుబ్బుతా" అంది పిన్ని.

ఆ పాత మిక్సరు ఇస్త్రీ బల్లంత ఉంటుంది. మంచం కాళ్ల వైపున్న కటింగ్ బల్లలో సగం దానిదే. కరెంటు ప్లగ్గు లేనిదే కదలదు. కానీ దాని మీటలు లావుగా, దూరం దూరంగా ఉంటాయి. పిన్ని కళ్లు మూసుకుని వాయించగలదు. మధ్యాహ్నం పని తెమిలాక మిషను ఆపి, హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఆవిడ ఆ మీటలు తిప్పుతూ కూర్చుంటే గదిలో ఏ చప్పుడూ ఉండదు. పొయ్యి మీద ఏమీ లేకుండానే వంట చేస్తున్నట్టుంటుంది చూసేవాళ్లకు.

పిన్ని బాధల్లా ఒక్కటే. కష్టమైన కోటు ఏది కుట్టినా కస్టమరుకు ఇచ్చేముందు బాబాయి మంచం పక్కనున్న మేకుకు తగిలిస్తుంది. ఆయన లేచాక పైకీ కిందకీ చూసి "బాగుంది" అంటేనో, "ఎడమ భుజం కొంచెం ఎత్తుగా లేదూ?" అంటేనో ఆవిడకు ఆ పని పూర్తయినట్టు. ఇన్నేళ్లుగా అదే అలవాటు. ఈ సంగీతాన్ని మాత్రం మేకుకు తగిలించే దారి కనపడలేదు. ఒకసారి హెడ్‌ఫోన్లు ఆయన చెవులకు పెట్టి చూసింది. తన చెవికి వినపడక చెయ్యి తప్పింది, లోపల ఏదో కీచుమంది. "బస్సు బ్రేకు పట్టేసినట్టుందే" అని ఆయన తీసిచ్చేశాడు. మళ్లీ అడగడానికి ఆవిడకు మొహం చెల్లలేదు.

"రెండు హెడ్‌ఫోన్లు పెట్టుకునే పిన్ను ఒకటుంటుందక్కా, తెచ్చిస్తాను" అన్నాడు తమ్ముడు.

"వినాలన్న ఆశ ఉంటే కదరా పిన్ను! మెలకువగా ఉంటే డిపోలో ఉంటారు. ఇంట్లో ఉంటే నిద్రలో ఉంటారు. ఏ పిన్నుతో కలుపుతావు చెప్పు?"

ఆ మాట తమ్ముడి మనసులో ఎక్కడో పడి ఉన్నట్టుంది. కొన్నాళ్లకు ఒక చిన్న డబ్బా పట్టుకొచ్చి పిన్ని అరచేతిలో పెట్టాడు. మూత తీస్తే నల్లటి ఇనప బిళ్లలాంటిది. సబ్బుబిళ్ల కంటే కొంచెం వెడల్పు. మీద గోళ్లంతంత జారుడు మీటలు ఆరు, వాటి పైన మినప గింజల్లా తిప్పుడు బొత్తాలు.

"ఇది కూడా మిక్సరేనా?"

"మిక్సరేనక్కా. ప్లగ్గు అక్కర్లేదు, లోపలే బ్యాటరీ. ఇద్దరు ఒకేసారి వినడానికి రెండు కన్నాలు. జేబులో పెట్టుకుని ఎక్కడికైనా పోవచ్చు."

ధర విని పిన్ని దాన్ని పసిపిల్లను దించినట్టు బల్ల మీద దించింది. "ఇంత పిసరు దానికా! గ్రాముల్లెక్కన అమ్మారేమిట్రా?"

"అందుకే నీకిచ్చేది. నీలా పెట్టెలతో వాయించేవాళ్లు నా దగ్గరికొచ్చి ఇది కావాలంటున్నారు. అద్దెకు పెట్టనా వద్దా తేలడం లేదు. వారం పాటు వాడి, నిజంగా పనికొస్తుందో, ఊరికే ముచ్చటగా ఉందో చెప్పు."

పిన్నికి మాత్రం ఒకటే కనిపించింది. దీన్ని డిపోకు మోసుకుపోవచ్చు.

మొదటి రోజే అది ఆవిడకు చుక్కలు చూపించింది. ఒక బొత్తం తిప్పబోతే పక్కనున్న రెండూ కలిసి తిరిగాయి. తన వేళ్ల మీద తనకే కోపం వచ్చింది. ఒక్కో వైరూ దాని కంటే బరువు. నాలుగు వైర్లు గుచ్చేసరికి బిళ్ల గిర్రున తిరిగి, బల్ల అంచు దాకా జారి, తోక పట్టి వేలాడదీసిన ఎలుకలా వైర్లకు వేలాడింది. పాత మిక్సరు ఇన్నాళ్లూ ఉన్నచోటే నిశ్చింతగా కూర్చుంది కాబట్టి, బరువు కూడా ఒక సుఖమేనని పిన్నికి తట్టలేదు. గొలుసుకట్టుగా ఒక్క కుట్టు వేసి వైర్లను బల్ల గుడ్డకు బిగించింది. బిళ్ల కదలడం మానింది.

శబ్దం మాత్రం, ఒప్పుకోవాలి, కడిగిన గాజులా ఉంది. జిప్పు పళ్లు ఒకదాని తర్వాత ఒకటి విడివిడిగా వినపడ్డాయి. ఇంతకాలం అవి కలిసి ఒక గీతలా వినపడేవి.

ఇక మిగిలింది, ఏ మీట ఎంత వరకు జరపాలో గుర్తుపెట్టుకోవడం. నల్లటి బిళ్ల మీద గీతలు కనపడవు. కనపడకపోతే దర్జీ ఏం చేస్తుంది? సుద్ద తీస్తుంది. పిన్ని గుడ్డ మీద గుర్తుపెట్టే సుద్దముక్కను అంచు పదును చేసి, మీటల పక్కన చక్కగా తెల్లగీతలు గీసింది. చూసుకుని మురిసిపోయింది. అలవాటు కొద్దీ అరచేత్తో ఒకసారి దులిపింది కూడా.

మర్నాడు మీట జరిపితే చెవిలో గరగర. రెండోది జరిపినా గరగరే. సుద్దపొడి మీటల సందుల్లోంచి లోపలికి దిగిపోయింది. అరువు తెచ్చుకున్న వస్తువు, అదీ తమ్ముడిది. మిషనులో దూది తీసే చిన్న బ్రష్షుతో, ఊపిరి బిగబట్టి, ఒక్కో సందూ శుభ్రం చేసింది. మూడు మీటలు దారికొచ్చాయి. కుట్టుమిషను చప్పుడున్న మీట మాత్రం ఎంత చేసినా కదిలిస్తే గరగరమంటూనే ఉంది.

పాటలో ఆ చప్పుడు మధ్యలో వచ్చి కాసేపుండి పోవాలి. ఇప్పుడు దాన్ని కదిలించడానికి లేదు. ముందే ఒకచోట నిలబెట్టేస్తే మొదటి నుంచి చివరి దాకా మోగుతూనే ఉంటుంది. చేసేదేముంది, అలాగే కానీ అనుకుంది.

తెల్లవారుతుండగా సంచీ భుజాన వేసుకుని డిపోకు బయల్దేరింది. గేటు పక్కన వాచ్‌మన్ గది, ఇద్దరు కూర్చుంటే మోకాళ్లు తగులుతాయి. బాబాయి ఆవిణ్ని చూసి కంగారుగా లేచాడు.

"ఏమైందే? ఎవరికేమైంది?"

"ఎవరికీ ఏమీ కాలేదు. ఏదన్నా అయితేనే రావాలా ఏం? కూర్చోండి."

"డ్యూటీలో ఉన్నానే!"

"మీ బస్సులను నేనేం ఎత్తుకుపోను. చెవులివ్వండి చాలు."

కిటికీ కింది చెక్క మీద పెట్టెలు పరిచింది. ఇక్కడ కుట్టడానికి గుడ్డ లేదు. వైర్లు గుచ్చగానే బిళ్ల మళ్లీ జారింది. బాబాయి చటుక్కున బొటనవేలితో అదిమిపట్టాడు.

"అలాగే పట్టుకోండి. కదిలారంటే ఊరుకోను."

"ఇంత చిన్నదానికి నేను కాపలానా?" అన్నాడాయన నవ్వుతూ. ఆయనకొక హెడ్‌ఫోను, ఆవిడకొకటి. పిన్ని గుండె కోటు మేకుకు తగిలించినప్పుడు కొట్టుకున్నట్టే కొట్టుకుంది.

మిషను చప్పుడు మొదలైంది. దాని మీద డ్రమ్ము, దూరంగా కత్తెర, ఆ తర్వాత కీబోర్డులోంచి ఒక పొడుగాటి స్వరం. బాబాయి కళ్లు మూసుకున్నాడు. శ్రద్ధగా వింటున్నాడనుకుని పిన్ని ఒళ్లంతా వేళ్లు చేసుకుని వాయించింది. జిప్పు దగ్గరికి వచ్చేసరికి బిళ్ల మెల్లగా జారడం మొదలుపెట్టింది. చూస్తే ఆయన బొటనవేలు పట్టు సడలింది. తల గోడకు ఆనింది. సన్నగా గురక.

పిన్నికి ముందు నమ్మకం కుదరలేదు. తర్వాత ఒళ్లు మండింది. ఆ తర్వాత కళ్లలో నీళ్లు తిరిగాయి. రాత్రంతా మేలుకుని డిపో కాసిన మనిషి, తన పాటకు నిద్రపోయాడు! ఇంతకంటే ఏం చెబుతాడు ఎవరైనా? వైర్లన్నీ ఒక్క లాగు లాగేసింది.

అంతలో లోపలి నుంచి మొదటి బస్సు వచ్చి హారన్ కొట్టింది. పిన్నే వెళ్లి గేటు తీసింది. "ఏం పిన్నీ, నువ్వెప్పుడు చేరావు ఉద్యోగంలో?" అన్నాడు డ్రైవరు. "మీ బాబాయి పింఛను పుచ్చుకున్నాడు, పోరా" అంది ఆవిడ.

తిరిగొచ్చేసరికి బాబాయి లేచి కూర్చుని ఉన్నాడు. హారన్ గురించి కాదు ఆయన అడిగింది.

"మిషను ఆగిందేమే?"

"ఏ మిషను?"

"కుడుతున్నావుగా. ఆపేశావేం?" అని అటూ ఇటూ చూసి, ఉన్నది డిపో అని గుర్తొచ్చి సిగ్గుపడ్డాడు. "ఆ చప్పుడు వింటే ఇంట్లో మంచం మీదున్నట్టే అయిపోయింది. అది ఆగితే చాలు, నాకు మెలకువొచ్చేస్తుంది."

పిన్ని సంచీలో పెట్టబోతున్న పెట్టె చేతిలోనే ఉండిపోయింది. "ఆగితే మెలకువొస్తుందా?"

"ఎప్పుడూ అంతేగా."

"మరి రోజూ మధ్యాహ్నం మిషను ఆపి నేను ఇవి పెట్టుకుంటానే? అప్పుడు?"

బాబాయి టోపీ తీసి దులుపుకున్నాడు, అందులో ఏమీ లేకపోయినా. "అప్పుడూ మెలకువగానే ఉంటా. కళ్లు మూసినట్టు మూసి చూస్తుంటా. ఆ బొత్తాలు తిప్పుతూ ఒకసారి నవ్వుతావు, ఒకసారి మొహం చిట్లిస్తావు. ఏం వింటోందో అనుకుంటా."

"అడగొచ్చుగా!"

"లేచానంటే ఆపేస్తావు. నా నిద్ర కోసమేగా నువ్వు చప్పుడు లేకుండా చేసుకునేది. అదీకాక, ఆ రోజు బ్రేకు పట్టేసిందని కూశాను. మళ్లీ ఏ మొహం పెట్టుకుని అడగను?"

ఇన్నాళ్లూ ఆ గదిలో ఇద్దరూ ఒకరి కోసం ఒకరు చప్పుడు చేయకుండా ఉన్నారన్నమాట. పిన్ని వైర్లు మళ్లీ గుచ్చింది. ఈసారి మిషను చప్పుడున్న మీటను కిందికి లాగింది. గరగరమని గోల చేసింది. "బ్రేకు కాదు, సుద్ద" అంది. బాబాయి బొటనవేలు బిళ్ల మీద గట్టిగా ఆనింది. పాట అయ్యేదాకా, గేటు దగ్గర మరో రెండు బస్సులు హారన్ కొట్టినా, ఆయన కదల్లేదు. ఆఖర్న, "ఆ జిప్పు దగ్గర కొంచెం తొందరపడ్డావు" అన్నాడు. ఎడమ భుజం ఎత్తుగా ఉందన్నట్టే అన్నాడు. పిన్నికి ప్రాణం లేచొచ్చింది.

వారం తిరిగాక తమ్ముడికి బిళ్ల అప్పజెబుతూ ముందు సుద్ద సంగతే చెప్పింది. అతను తల పట్టుకుని, తర్వాత పగలబడి నవ్వి, పెట్టెలు శుభ్రం చేసే మందు చల్లి తుడిస్తే పోతుందన్నాడు. "సరే, అసలు సంగతి చెప్పు. మీలాంటి వాళ్లకు పనికొస్తుందా రాదా?"

పిన్ని పిన్నుల డబ్బా సర్దుకుంటూ ఆలోచించింది. "రోజూ ఒకచోట కూర్చుని వాయించేవాళ్లకు దండగరా. ఆ డబ్బు పోసి వేళ్లకు శిక్ష వేసుకోవడమే. చీకట్లో, హడావిడిలో వాయించేవాళ్లకు అసలు వద్దు, ఒకటి పట్టుకుంటే ఇంకొకటి కదులుతుంది. కానీ పాట వెళ్లాల్సిన చోటికి పెద్దదాన్ని మోసుకెళ్లలేం చూడూ, అక్కడికి ఇది వెళుతుంది. శబ్దానికి వంక పెట్టలేం. కొనమని ఎవరికీ చెప్పకు, అద్దెకివ్వు. ఇచ్చేటప్పుడు పట్టుకోవడానికి ఇంకో మనిషున్నాడా అని అడుగు."

"ఉంటేనే ఇవ్వాలా?"

"లేకపోతే బరువుగా ఏదన్నా ఇవ్వు. ఆ రెండు హెడ్‌ఫోన్ల పిన్ను ఉందన్నావే, అది నాకు తెచ్చిపెట్టు. వైరు పొడుగ్గా ఉండాలి, మంచం దాకా రావాలి."

ఇప్పుడు మధ్యాహ్నం మిషను ఆగగానే ముసుగులోంచి ఒక చెయ్యి బయటికొచ్చి హెడ్‌ఫోన్ల కోసం తడుముకుంటుంది. పాత మిక్సరు తన చోట తాను బల్ల సగం ఆక్రమించుకుని కూర్చుని ఉంటుంది. మిషను చప్పుడు వచ్చే ఘట్టంలో బాబాయి గొంతు తేలిపోతూ వినిపిస్తుంది. "ఏమే, నిద్రొస్తోంది, అది కొంచెం తగ్గించు." పిన్ని తల తిప్పకుండానే లావుపాటి మీటను వేళ్లతో తడిమి, కిందికి దించుతుంది.