ప్రార్థన చీటీలోని పేర్లు

మొన్న దర్శి నుంచి మార్కాపురం వస్తున్న బస్సులో కాలేజీ అమ్మాయిలు ఫోన్‌లో మా తమ్ముడి బ్యాండు పాట పెట్టుకుని గొంతు కలిపారు. చివరి చరణంలో మా నాయన పేరు వస్తుంది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ పేరు దగ్గరికి వచ్చేసరికి కళ్లు మూసుకుని ముందు సీటు కమ్మీ పట్టుకున్నాను. పక్కనున్న ఆవిడ నాకు కళ్లు తిరుగుతున్నాయనుకుని నిమ్మకాయ ఇచ్చింది. తీసుకున్నాను. కాదనాలంటే కథంతా చెప్పాలి.

తమ్ముడు మొదట చర్చిలో గిటారు వాయించేవాడు. తర్వాత ముగ్గురు స్నేహితులతో రాక్ బ్యాండు పెట్టాడు. వాళ్ల సంగీతం అటు సినిమా పాటా కాదు, ఇటు కీర్తనా కాదు. రేకుల మీద రాళ్లవాన పడినట్టుందనేది అమ్మ. రెండేళ్లు ఎవరూ పట్టించుకోలేదు. ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు జబ్బుపడ్డవాళ్ల పేర్లు చీటీ చూసి చదువుతారు, సంఘమంతా వాళ్ల కోసం ప్రార్థిస్తుంది. మా చీటీలో ఎక్కువమంది పలకల క్వారీలో దుమ్ము పీల్చి దగ్గు తెచ్చుకున్నవాళ్లే. వాడు ఆ పేర్లనే ఉన్నవి ఉన్నట్టు పాట కట్టేశాడు. నాయన పేరు కూడా వదల్లేదు మహానుభావుడు. అప్పటికి నాయన ఇంకా క్వారీకి పోతున్నాడు. దగ్గు వస్తే తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, ఓనరుకు తెలియకుండా నెట్టుకొస్తున్నాడు.

"నా పేరెందుకు పెట్టినావురా? దగ్గే మనిషిని పనిలో ఎవురు ఉంచుకుంటారు?" అన్నాడు నాయన.

"సంఘమంతా విన్న పేర్లే కద నాయనా," అన్నాడు తమ్ముడు.

"సంఘం నన్ను పనిలోనుంచి తియ్యదు."

ఆ పేరు తీసేద్దామంటే పాట అప్పటికే వాడి చెయ్యి దాటిపోయింది. ముందు హాస్టళ్లలో, తర్వాత హైదరాబాదు వేదికల మీద, చివరికి టీవీలో కూడా వచ్చింది. ఊరంతా మమ్మల్ని మెచ్చుకుంటుంటే మేం ఇంట్లో వణికిపోయాం. వీధిలో బండి ఆగితే చాలు, అమ్మ పొయ్యి ముందు నుంచి లేచి నిలబడేది. ఒక సాయంత్రం ఓనరు కారు నిజంగానే మా వాకిట్లో ఆగింది. అంతా అయిపోయిందనుకున్నాను.

"ఏంది పెద్దాయనా, ఆ పాట నీ కొడుకుదంట కద! మాకు చెప్పనే లేదే? మా పాప పెళ్లికి వాళ్లే రావాల. ఆ పాటే పాడాల!" అన్నాడాయన నవ్వుతూ.

నాయన తువ్వాలు చాటునుంచే తలూపాడు.

పెళ్లిలో తమ్ముడు పాట ఎత్తుకోగానే జనం లేచి ఎగిరారు. ఆ పేర్లలో సగం మంది ఓనరు క్వారీలో పనిచేసేవాళ్లే. ఆయన ముందు వరుసలో నిలబడి ఒక్కో పేరుకూ చప్పట్లు కొట్టాడు. నాయన పేరు రాగానే మండపమంతా ఒక్క గొంతుతో అరిచింది. వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ నాయనకు అప్పుడే దగ్గు తెర వచ్చింది. ఈసారి తువ్వాలు అడ్డం పెట్టుకోలేదు, వంగిపోయి గట్టిగా, చాలాసేపు దగ్గాడు. ఒక్కరూ వెనక్కి తిరగలేదు. కారు వాకిట్లో ఆగినప్పటికంటే అప్పుడే నాకు ఎక్కువ భయమేసింది.

నాయన పోయి నాలుగేళ్లు. ఆ రోజుల్లో అది ఎవరి పేరో ఓనరుకు తెలిసిపోతుందని భయపడ్డాను. ఏళ్లు గడిచేకొద్దీ, అది ఎవరి పేరో ఎవరికీ తెలియకుండా పోతుందేమోనని భయపడుతున్నాను.